వెనక నుంచి వచ్చే గాలి

నేను ఒక దుమ్ము పీల్చే యంత్రాన్ని. అంగట్లో నన్ను వాక్యూమ్ క్లీనర్ అన్నారు. సామర్లకోటలో నేను బతికిన ఇంట్లో పెద్దవాళ్ళు మిషను అన్నారు. ఆ ఇంటి పిల్ల ఒక్కతే నన్ను ఏనుగు అని పిలిచింది, నాకు నచ్చిన పేరు అదే. ఎర్రటి గుండ్రటి ఒళ్ళు, ముందు పొడుగాటి తొండం, కింద చిన్న చక్రాలు. గొంతు గురించి నేను చెప్పుకోనక్కరలేదు, వీధి చివర ఉన్నవాళ్ళనడిగినా చెబుతారు. నేను మొదలెడితే పక్కనున్నవాళ్ళు మాట్లాడుకోలేరు. మనుషుల్లో కూడా ఇలాంటివాళ్ళు ఉంటారనీ, వాళ్ళకి నలుగురిలో మంచి మర్యాద దొరుకుతుందనీ తర్వాత తెలిసింది.

నేను పుట్టింది పడమటి వైపు ఒక పెద్ద కర్మాగారంలో. వరసగా కూర్చున్న ఆడవాళ్ళు ఒకరు మోటారు బిగించారు, ఒకరు చక్రాలు తగిలించారు, ఇంకొకరు కడుపులో గుడ్డసంచి అమర్చారు. చివర కూర్చున్న అమ్మాయి నేల మీద పిడికెడు ఇసుకా, కొన్ని కాగితం ముక్కలూ పోసి మీట నొక్కింది. నేను ఒక్క గుటకలో మింగేశాను. ఆ అమ్మాయి ఆవులించి, నా వీపు మీద పచ్చ చీటీ ఒకటి అంటించింది. నా పరీక్ష అంతటితో అయిపోయింది. పిండి పోసి ఎవరూ చూడలేదు. దేశంలో అందరి ఇళ్ళలోనూ ఇసుకా కాగితం ముక్కలే ఉంటాయనుకున్నారు కాబోలు.

అక్కణ్ణుంచి లారీలో కాకినాడ చేరాను. మెయిన్ రోడ్డులో ఒక సామాన్ల అంగడి. అక్కడ గ్రైండర్లకీ ఫ్యాన్లకీ ఉన్న గిరాకీ మాకు లేదు. వచ్చినవాళ్ళు గ్రైండరు బేరం చేసుకుని వెళ్తూ వెళ్తూ నన్ను చూసి "ఇదేంటండీ, మందు కొట్టే డబ్బానా?" అని అడిగేవాళ్ళు. నా పక్కన బూడిద రంగు యంత్రం ఇంకొకటి ఉండేది. చిన్నది, నెమ్మదైనది. దానికి గొంతు లేదని నేను చాలా రోజులు వెక్కిరించాను. ఇప్పుడు అది ఎవరింట్లో ఉందో తెలియదు కాని, ఎక్కడున్నా దానికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఒకరోజు సూర్రావు, అతని భార్య నూకరత్నం ఆ అంగడికి వచ్చారు. సూర్రావుకి సామర్లకోటలో పిండి మర ఉంది. శుభ్రంగా స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చినా చెవుల వెనక తెల్లగా పిండి మిగిలిపోయిన మనిషి. వాళ్ళ నాన్న పెట్టిన మర అది. ముందు గదిలో మర, వెనక రెండు గదుల్లో కాపురం, మధ్యలో ఒక గుమ్మం, గుమ్మానికి పాత చీర కట్టిన తెర. ఆ తెర ఏ పిండినీ ఆపలేదు. బియ్యం పట్టినా, సెనగలు పట్టినా సగం పిండి డబ్బాల్లోకీ, మిగతాది గాల్లోకీ వెళ్ళేది. అందులో కొంత నూకరత్నం గుండెల్లోకి వెళ్ళింది. ఆమెకి ఉబ్బసం. పెళ్ళయ్యాకే వచ్చింది.

డాక్టరు గారు ఆమెకి మూడు మాటలు చెప్పారట. ఇల్లు మర నుంచి దూరంగా మార్చండి, లేకపోతే మరనే ఇంకో చోటికి మార్చండి, రెండూ కుదరవంటే ఇంట్లో చీపురు మానేసి దుమ్ము పీల్చే మిషను కొనుక్కోండి అని. సూర్రావు మూడో మాట పట్టుకున్నాడు. మనుషుల తీరే అంత. మందులు మూడు చెబితే అంగట్లో దొరికేదే వాళ్ళకి బాగా నచ్చుతుంది. అయినా అతన్ని ఒక్కణ్ణే అనడానికి లేదు. ఇల్లు మారదామా అని అడిగితే నూకరత్నమే ఒప్పుకోలేదు. "మీరిక్కడా నేనక్కడా ఉంటే మీకు అన్నం ఎవరు పెడతారండీ? వేళకి తినే మనిషి కాదు మీరు" అంది. అతను ఇంకోసారి అడగలేదు. ఇంకోసారి అడగవలసింది.

అంగడివాడు మా ఇద్దర్నీ బల్ల మీద పెట్టాడు. ముందు బూడిదదాన్ని చూపించాడు. "ఇందులో రెండు జల్లెడలున్నాయండి. సన్నటి దుమ్ము కూడా లోపలే ఆగిపోద్ది" అన్నాడు. మీట నొక్కితే అది సన్నగా మూలిగింది. సూర్రావు తల వంచి చెవి దగ్గర పెట్టి విని, పెదవి విరిచాడు. ఊళ్ళో ఏ మోటారు మొరాయించినా చెవితో విని జబ్బు చెప్పగలిగిన మనిషి అతను. రాళ్ళు అరిగాయో, బెల్టు వదులైందో గుమ్మంలోంచే చెప్పేవాడు. అతని దృష్టిలో గట్టిగా మోగేదే గట్టిగా పనిచేసేది. నా మీట నొక్కగానే అంగట్లో అందరూ ఉలిక్కిపడి చూశారు. సూర్రావు మొహం విచ్చుకుంది. నా వీపు మీద అరచెయ్యి వేసి, గుర్రాన్ని నిమిరినట్టు నిమిరి "మోటారంటే ఇదీ!" అన్నాడు. ధరలో మా ఇద్దరికీ పెద్ద తేడా లేదు, పిసినారితనం అందామన్నా కుదరదు. తన భార్య ఊపిరి కోసం తనకి తెలిసినంతలో అన్నిటికంటె బలమైనదాన్ని ఏరి తెచ్చుకున్నాడు, అంతే.

నూకరత్నం మాత్రం నా వెనక వైపు వచ్చి నిలబడింది. అక్కడ సన్నటి చీలికల్లోంచి గాలి బయటికి కొడుతుంది. ఆమె అరచెయ్యి అడ్డం పెట్టి చూసింది.

"ఏవండీ, ఈ ఎనక నుంచి వచ్చే గాల్లో ఏం ఉంటదండీ?"

"గాలేనమ్మా, శుభ్రమైన గాలి" అన్నాడు అంగడివాడు.

"ముందు లాగిన గాలి ఎనక పోవాలి గదే" అన్నాడు సూర్రావు, నవ్వుతూ.

ఆమె ఇంకేం అడగలేదు. భర్తకి మోటార్ల సంగతి తెలుసు, అంగడివాడికి అంగడి సంగతి తెలుసు, ఇక తను అడిగేదేముంది అనుకుంది. నన్నే తీసుకున్నారు.

ఇక్కడే చెప్పేస్తాను, దాచిపెట్టి చివర్లో బయటపెట్టడం నాకు చేతకాదు. నా కడుపులో ఉన్నది ఒంటి పొర గుడ్డసంచి. ఇసుకని ఆపుతుంది, వెంట్రుకల్ని ఆపుతుంది, బియ్యపు నూకల్నీ ఆపుతుంది. సన్నటి పిండిని ఆపదు. ముందు నుంచి పీల్చిన పిండిలో బరకగా ఉన్నది కడుపులో పడేది, మెత్తనిది వెనక చీలికల్లోంచి గది నిండా పరుచుకునేది. చీపురుతో ఊడిస్తే మోకాళ్ళ దాకా లేచే పిండి నా వల్ల ముక్కు దాకా వచ్చేది. అంత మెత్తటి పిండి మామూలు వెలుతుర్లో కంటికి కనబడదు. కంటికి కనబడని దాని గురించి ఎవరేం అనుకుంటారు? నేల అద్దంలా ఉండేది, అందరూ అదే చూశారు.

నేను ఆ ఇంటికి వెళ్ళిన రోజు పెద్ద వేడుకే జరిగింది. బియ్యం పట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళంతా డబ్బాలు వరసలో పెట్టి, తెర తప్పించి లోపలికి తొంగి చూశారు. సూర్రావు అక్క అచ్చియ్యమ్మ పెద్దాపురం నుంచి పనిగట్టుకుని వచ్చింది. నా మూతికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. ఆ నీళ్ళు లోపలికి పోయి రెండు రోజులు నేను తుమ్ముతూనే ఉన్నాను. దీపాలు పెట్టాక ఇల్లు ఊడవకూడదు, మరి మిషను తిప్పొచ్చా అని ఆమెకి అనుమానం వచ్చింది. "చీపురు కాదు గదక్కా" అని తమ్ముడూ, "ఊడవడం ఊడవడమేరా" అని అక్కా కాసేపు వాదించుకున్నారు. చివరికి నన్ను పొద్దున్న పూటే తిప్పాలని తీర్పు వచ్చింది. ఆ దసరాకి మర మోటారుతో పాటు నాకూ పూజ చేశారు.

మొదట్లో సూర్రావే నన్ను తిప్పేవాడు. తర్వాత ఆ పని వాళ్ళమ్మాయి తాయారు లాక్కుంది. అప్పటికి ఐదో తరగతి. రెండు జడలు, ఊడిన పన్ను ఒకటి, నోరు మాత్రం పెద్దవాళ్ళది. పొద్దున్నే మర మొదలవకముందు నన్ను మంచం కింద నుంచి లాగి, "లే ఏనుగూ, అమ్మకి ఆయాసం రాకముందే పని అయిపోవాలి" అనేది. నూకరత్నం మంచం మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చునేది. నా గొంతు వల్ల మాటలు వినబడవు కనుక వేలితో చూపించేది. అక్కడ, ఆ మూల, బీరువా కింద. తాయారు యుద్ధానికి వెళ్ళినట్టు వెళ్ళేది. నేను ఆగాక తల్లి ఆ పిల్లని దగ్గరికి లాక్కుని, జడలు విప్పి దువ్వేది. ఊపిరి చాలక ఆమె మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చేవి. "నువ్వు... మిషను తిప్పితే... నాకు సగం ఆయాసం... పోద్దే" అనేది.

అది నిజం కాదు. నేను తిరిగిన ప్రతి పొద్దున్నా, పిల్ల బడికి వెళ్ళాక, ఆమె కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగి దగ్గేది.

ఆ ఇంట్లో ఒక తప్పు ఇలా పెరిగింది. ఆమె ఎక్కువ దగ్గితే ఇంట్లో ఎక్కువ పిండి ఉందని అర్థం చేసుకునేవాళ్ళు. ఎక్కువ పిండి ఉంటే నన్ను ఎక్కువసేపు తిప్పాలి. నన్ను ఎక్కువసేపు తిప్పితే ఆమె ఇంకా ఎక్కువ దగ్గేది. సాయంత్రం దీపాల వేళకి ముందు కూడా ఒకసారి తిప్పడం మొదలెట్టారు. గాలికి బయటి నుంచి పిండి వస్తోందని కిటికీలు మూసి మరీ తిప్పారు. వాళ్ళ శ్రద్ధ చూస్తే నాకు ఏడుపొచ్చేది. నాకున్న గొంతు ఎంత పెద్దదో మీకు చెప్పాను. అంత గొంతుతోనూ ఒక్క మాట చెప్పలేకపోయాను.

ఒకే ఒక్కసారి ఆ మాట బయటికి రాబోయింది. ఒక ఆదివారం సూర్రావు అన్నం తింటుండగా నూకరత్నం మెల్లగా అంది.

"ఏవండీ, ఆ మిషను ఎనక గాలి... నాకు పడతన్నట్టు లేదండీ."

పక్కనే తాయారు నా తొండం తడిగుడ్డతో తుడుస్తోంది. ఆ పిల్ల చెయ్యి ఆగిపోయింది. తల్లి వైపు చూసింది. మొహం అంతా చిన్నబోయింది. నూకరత్నం ఆ మొహం చూసింది.

"లేదులే... చలికాలం గదా, అదీ అయ్యుంటది. నా బంగారుకొండ తుడిచినాక పిండి ఎక్కడుంటది!" అంది.

సూర్రావు "మందు మార్పించుకొద్దాం" అని అన్నంలో మజ్జిగ పోసుకున్నాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట రాలేదు.

మాఘమాసం వచ్చింది. పెళ్ళిళ్ళు. ఊరంతా అరిసెలకీ లడ్డూలకీ పిండి పట్టించుకోవడానికి వచ్చి పడింది. మర పొద్దున్న మొదలెడితే ఆపడానికి లేదు. సూర్రావు నిలబడే టీ తాగేవాడు. ఆ రోజు తాయారు బడికి వెళ్ళే ముందు నన్ను రెండుసార్లు తిప్పింది, అమ్మకి రాత్రి నుంచి బాగాలేదని. కిటికీలు మూసి, మంచం కిందా, దిండ్ల మీదా, తల్లి కప్పుకున్న దుప్పటి మీదా కూడా తిప్పింది. వెళ్తూ వెళ్తూ తల్లి బుగ్గ మీద ముద్దు పెట్టింది.

మధ్యాహ్నానికి నూకరత్నానికి ఊపిరి అందలేదు. మంచం పట్టె మీద చేత్తో కొట్టి పిలిచింది. మర హోరులో ఎవరికీ వినబడలేదు. చాలాసేపటికి సెనగపిండి కోసం వచ్చిన ఒకావిడ మంచినీళ్ళడుగుదామని తెర తప్పించి, కెవ్వున అరిచింది. సూర్రావు పరిగెత్తుకొచ్చాడు. భార్యని ఒళ్ళోకి తీసుకుని కూర్చోబెట్టాడు. ఆటో కోసం ఎవరో పరిగెత్తారు. ఆటో వచ్చేసరికి ఆమె లేదు. అతని చొక్కా నిండా ఉన్న పిండి ఆమె చెంపకీ జుట్టుకీ అంటుకుని ఉంది. ఎవరో వెళ్ళి మర ఆపారు. వరసలో ఉన్నవాళ్ళు తమ తమ డబ్బాలు చప్పుడు కాకుండా తీసుకుని, ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

నేను మంచం కింద ఉన్నాను. ఆమె కాళ్ళు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. నేనొక వస్తువుని, నాకు దుఃఖం ఉంటుందా అని మీరు అడగొచ్చు. ఉంటుంది. నన్ను ఆ బల్ల మీద నుంచి దింపి, పక్కన ఉన్న బూడిదదాన్ని పట్టుకెళ్ళి ఉంటే ఎంత బాగుండేదో! ఆమె చావుకి మర కారణమో, నేను కారణమో, రెండూనో నాకు తెలియదు. తెలియకపోవడం వల్ల బాధ తగ్గలేదు.

మా వైపు కొన్ని ఇళ్ళలో ఒక ఆచారం ఉంది. ప్రాణం పోయిన చోట దీపం పెట్టి, పక్కన నేల మీద పల్చగా బియ్యప్పిండి పరిచి, దాని మీద వెదురు గంప బోర్లిస్తారు. పోయినవాళ్ళు ఒకసారి తిరిగొచ్చి ఆ పిండిలో అడుగేసి వెళ్తారని నమ్మకం. తెల్లారాక గంప ఎత్తి చూస్తే పిట్ట కాలి గుర్తో, పసిపాప పాదమో కనిపిస్తుందట. ఏ జన్మ ఎత్తారో దాన్నిబట్టి చెప్పుకుంటారు. పోయిన మూడో నాటి చిన్నదినానికి ముందు రోజు సాయంత్రం అచ్చియ్యమ్మ మరలోంచే పిండి తెచ్చి, జల్లించి, మంచం తీసేసిన చోట పరిచింది. గంప బోర్లించి, తాయారుని దగ్గర కూర్చోబెట్టుకుని "ఈ రాత్రికి మీ అమ్మ వచ్చి ఇందులో కాలెడతాదే. పొద్దున్నే చూద్దాం" అని చెప్పింది. ఆ పిల్ల గంప వైపే చూస్తూ ఉండిపోయింది. సూర్రావు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అతనికి ఆ గంప మీద ఎంత ఆశ ఉందో చూస్తే తెలుస్తోంది. బతికుండగా భార్యని ఎక్కడ నొప్పి అని అడగని మనిషి, ఆమె అడుగు ఒక్కటి కనబడితే చాలనుకున్నాడు.

తెల్లారింది. ఇంకా ఎవరూ లేవలేదు. తాయారు లేచి వచ్చింది. నన్ను గోడ వారగా పెట్టేశారు, అక్కణ్ణుంచి లాగింది. ఈసారి లే ఏనుగూ అనలేదు. గంప తీసి పక్కన పెట్టింది. మీట నొక్కింది.

నా గొంతుకి ఇల్లంతా లేచిపోయింది. అచ్చియ్యమ్మ జుట్టు ముడి వేసుకుంటూ పరిగెత్తుకొచ్చింది, వెనకాలే సూర్రావు. వాళ్ళు వచ్చేసరికి నేల మీద పిండి రవ్వంత కూడా మిగల్లేదు. అందులో ఏదైనా గుర్తు ఉందా అని అడక్కండి. గంప ఎత్తగానే తొండం దాని మీదికి వచ్చింది. నాకూ చూడ్డానికి వ్యవధి లేదు.

అచ్చియ్యమ్మ ఎర్రగా చూస్తూ వచ్చి నా మీట కట్టేసి, నెత్తి కొట్టుకుంది.

"ఎంత పని చేసేవే ముండా! మీ అమ్మ ఏ జన్మెత్తిందో తెలీకుండా చేసేవు గదే!"

తాయారు భయపడలేదు. తొండం రెండు చేతుల్తో పట్టుకుని నిలబడింది.

"పిండిలో కాలెడితే అమ్మకి ఆయాసం రాదా అత్తా? పిండి ఉంటే రాదు అమ్మ. అందుకే తీసేసేను. ఇప్పుడు వస్తది" అంది.

అచ్చియ్యమ్మ కూలబడి ఆ పిల్లని గుండెకి హత్తుకుని ఏడ్చింది.

సూర్రావు మాత్రం వాళ్ళని చూడ్డం లేదు. తూర్పు కిటికీ రెక్క ఎవరో తెరిచి ఉంచారు. అందులోంచి ఎండ నీరెండగా ఏటవాలుగా గదిలోకి పడుతోంది. ఆ ఎండలో, నా వెనక నుంచి గోడ దాకా, పిండి తేలుతోంది. తెల్లగా, మెత్తగా, మనిషి ముక్కు ఎత్తున. అతను దగ్గరికి వచ్చి వంగాడు. చేత్తో నా మీట నొక్కి, వెనక చీలికల దగ్గర అరచెయ్యి పెట్టాడు. వెంటనే ఆపేశాడు. అరచేతి వైపు చూసుకున్నాడు. పుట్టినప్పటినుంచీ పిండిలో బతికిన మనిషి, పిండిని వేళ్ళతో నలిపి ఏ జల్లెడలోంచి వచ్చిందో చెప్పగలిగిన మనిషికి, ఆ అరచేతిలో ఉన్నది ఏమిటో తెలియడానికి ఎంతసేపు పడుతుంది? అతని మొహం నేను చూశాను. అలాంటి మొహం ఇంకెవరికీ రాకూడదు.

తర్వాత కూతురి వైపు చూశాడు. రోజూ పొద్దున్నా సాయంత్రమూ కిటికీలు మూసి, తల్లి పక్కనే నన్ను తిప్పిన పిల్ల. తల్లి దుప్పటి మీద కూడా తిప్పిన పిల్ల. అతను అరచెయ్యి పంచెకి తుడుచుకున్నాడు. తుడుచుకుని, తాయారు తల మీద పెట్టాడు.

"మంచి పని చేసేవమ్మా. మీ అమ్మకి ఊపిరి ఆడతది ఇప్పుడు" అన్నాడు.

మర్నాడు పొద్దున్న ఆ పిల్ల మళ్ళీ నా కోసం వచ్చింది. అమ్మ ఏ రోజు వస్తుందో తెలియదు కదా, ఇల్లు రోజూ శుభ్రంగా ఉండాలని. మీట నొక్కితే నేను పలకలేదు. తెల్లవారుజామునే సూర్రావు నా వీపు విప్పి, లోపల తీగ ఒకటి కత్తిరించి, మళ్ళీ బిగించేశాడు.

"మోటారు కాలిపోయిందమ్మా" అన్నాడు.

"బాగు చెయ్యి నాన్నా. నువ్వు అందరి మోటార్లూ బాగు చేస్తావు గదా!"

"ఇది అవదమ్మా."

తాయారు ఏడ్చింది, బతిమాలింది, అన్నం మానేసింది. అతను ఒప్పుకోలేదు. నన్ను అటక మీదికి ఎక్కించాడు. నెల తిరక్కుండా మరకి దూరంగా, స్టేషను అవతల వీధిలో అద్దెకి ఒక గది తీసుకుని, అచ్చియ్యమ్మని తోడుంచి పిల్లని అక్కడికి పంపేశాడు. భార్య కోసం చెయ్యలేనిది కూతురి కోసం ఒక్క నెలలో చేశాడు. కాని ఆ పిల్లకి అర్థమైంది వేరు. అమ్మ మిషను బాగు చెయ్యలేదు, అమ్మ ఉన్న ఇంట్లోంచి తనని గెంటేశాడు. ఆ కోపం ఆమెతో పాటు పెరిగి పెద్దదైంది. పండగలకి వచ్చేది, భోజనం చేసేది, తండ్రితో నాలుగు మాటలు అవసరానికి మాట్లాడేది. అతనూ అంతే. నేను అటక మీద నుంచి ఇదంతా వినేదాన్ని. ఒక్కసారి నోరు విప్పి ఇలా జరిగిందమ్మా అని చెప్పేస్తే, మరుక్షణం కూతురు అతని కాళ్ళ దగ్గర కూర్చునేది. అతను చెప్పలేదు.

ఈ మధ్య తాయారుకి కాకినాడ బ్యాంకులో ఉద్యోగం వచ్చింది, సొంతంగా ఇల్లు తీసుకుంది. ఇంట్లోకి దుమ్ము పీల్చే యంత్రం ఒకటి ఎంచుకుందామని అంగళ్ళన్నీ తిరిగిందట. ఇప్పుడు రకరకాలవి వచ్చాయట, వాటంతటవే తిరిగేవి, మాట్లాడితే వినేవి. ఏదీ నచ్చలేదట. ఒక ఆదివారం ఇంటికి వచ్చి, అటక వైపు చూస్తూ తండ్రితో అంది.

"అమ్మ ఏనుగుని నాకిచ్చెయ్యి నాన్నా. కాకినాడలో మంచి మెకానిక్ ఉన్నాడు, బాగు చేయించుకుంటాను. వచ్చేవారం కారులో తీసుకెళ్తాను."

"చూద్దాంలే అమ్మా" అన్నాడతను.

మెకానిక్ నా వీపు విప్పితే కాలని మోటారు కనిపిస్తుంది. కత్తిరించిన తీగ కనిపిస్తుంది. తీగ కలిపి తిప్పి చూస్తే వెనక నుంచి వచ్చే గాలి కనిపిస్తుంది. బ్యాంకు ఉద్యోగం చేస్తున్న పిల్లకి మిగతాది ఎవరూ చెప్పనక్కరలేదు. తన చేత్తోనే, ప్రేమగా, రోజుకి రెండుసార్లు.

మంగళవారం సూర్రావు నన్ను అటక దింపి, మోపెడ్ మీద తాడుతో కట్టి, పెద్దాపురం రోడ్డులో పాత ఇనప సామాన్ల కొట్టుకి తెచ్చాడు. ఇప్పుడు నేనున్నది అక్కడే. కొట్టువాడు నన్ను తిప్పి తిప్పి చూసి "బాగానే ఉన్నట్టుందండీ, ఎవరికన్నా పనికొస్తది" అన్నాడు. సూర్రావు ఒప్పుకోలేదు. సుత్తి అడిగి తీసుకుని, నేల మీద గొంతుక్కూర్చుని నా వీపు విప్పాడు. అప్పుడే అతని జేబులో ఫోను మోగింది. తాయారు. గట్టిగా మాట్లాడుతోంది, నాకూ వినబడింది. పక్కింటివాళ్ళకి ఫోను చేస్తే వాళ్ళు చెప్పారట.

"అమ్మ కోసం కొన్నది అదొక్కటే మిగిలింది నాన్నా! అదీ అమ్మేసేవా? నీకసలు అమ్మంటే ఎప్పుడైనా..." అంది.

 అతను సుత్తి మోకాలి మీద ఆనించాడు.

"పాత సామాను గదమ్మా. ఇంట్లో అడ్డంగా ఉందని ఇచ్చేసేను" అన్నాడు.

అవతల ఫోను పెట్టేసింది. ఇకనుంచి పండగలకి కూడా రాదేమో. అతను ఫోను జేబులో పెట్టుకుని, కళ్ళు తుడుచుకోకుండానే, నా మోటారు మీద ఒక్కటే దెబ్బ వేశాడు. నాకేం కోపం రాలేదు. తండ్రి మీద కోపం ఉన్నంతకాలం ఆ పిల్లకి తన మీద అనుమానం రాదు.